బొగ్గుపులుసు లెక్క తేల్చినావిడ

కార్బన్ డయాక్సైడుని మా అమ్మ ఇప్పటికీ బొగ్గుపులుసు వాయువనే అంటుంది. పేరులో పులుసు ఊరికే లేదు. ఆ వాయువు కరిగేకొద్దీ సముద్రం పులుపు వైపు జరుగుతుంది. ఆ లెక్కకి దారి చూపినావిడ కత్సుకో సరుహాషి.

1920లో టోక్యోలో పుట్టారు. చిన్నప్పుడు బడి కిటికీ అద్దం మీద జారే చినుకుల్ని చూసి, అసలు వానెలా పడుతుందా అని ఆలోచనలో పడ్డారట. 21 ఏళ్లకి బీమా కంపెనీ ఉద్యోగం వదిలేసి మళ్లీ కాలేజీలో చేరారు. నీటి వేడి, ఉప్పదనం, పి.హెచ్. తెలిస్తే చాలు, అందులో బొగ్గుపులుసు ఏయే రూపాల్లో ఎంతుందో తేల్చే పట్టికను 1955లో అందించారు. 1957లో టోక్యో విశ్వవిద్యాలయం నుంచి రసాయనశాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలి మహిళ ఆవిడే.

ఆ లెక్క ఎవరికంటారా? ప్లవకాల్లో చిట్టి నత్తలుంటాయి. వాయువు ఎక్కువైతే నీళ్లలో కార్బొనేటు తగ్గి, వాటి గుల్లలు పలచబడతాయి. వాటిని తిని బతికే చేపల సంగతేమిటి మరి?

1981లో మహిళా శాస్త్రవేత్తల కోసం అవార్డు నెలకొల్పి, 2007లో కన్నుమూశారు. మా అమ్మాయి వాన చూస్తూ నిలబడితే, పోయి చదువుకోమని కసిరేదాన్ని. ఇప్పుడు నేనూ వెళ్లి పక్కన నిలబడుతున్నాను.