స్నేహం అడిగిన ప్రసంగం

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తమిళనాట పుట్టారు. 1909లో సువార్తికుడిగా డోర్నకల్ చేరారు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయనకు కష్టమైన పని పడింది. తెల్ల మిషనరీలు మనవారిని సమానులుగా చూడటంలేదని వారి ఎదుటే చెప్పాలి. వారి త్యాగాలను మెచ్చుకున్నారు. 1 కొరింథీ 13లో పౌలు చేసినట్టే, ఒకే తీరు వాక్యాలతో వాటిని వరుసగా ఎంచారు. చివరికి చిన్న మాటతో స్నేహితులను అడిగారు. కొందరు నొచ్చుకున్నారు. అయినా ఆ మాట నిలిచింది.

1912లో ఆయన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పయ్యారు. తెలుగు నేర్చి, 1945లో కన్నుమూసేదాకా డోర్నకల్ పల్లెల్లో వెలివేయబడినవారి మధ్య సేవచేశారు. అడిగిన స్నేహాన్ని తానూ పంచారు.

ప్రియులారా, నిజామాబాదులోనైనా బోధన్‌లోనైనా ఒక ప్రసంగం మనసును కదిలించినప్పుడు గమనిద్దాం. ఈ పొగడ్త ఎందుకు? ఒకే మాట పదేపదే ఎందుకు? చివరికి అడిగేదేమిటి? చెప్పినవారి బ్రతుకు దానికి సాక్ష్యమిస్తోందా?