కానగుర్తకు తెలుగు పేరు నిలిపిన రస్సెల్ దొర

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల చేలల్లో రైతులను హడలెత్తించే పాము రక్తపింజర. శాస్త్రజ్ఞులు దీనిని రస్సెల్ పాము అంటారు. ఆ పేరుగల పాట్రిక్ రస్సెల్ దొర విశాఖ సముద్రపు చేపలకు కూడా తొలి లెక్క రాసిపెట్టిన వ్యక్తి అని మన పల్లెల్లో ఎరిగినవారు తక్కువ.

రస్సెల్ స్కాట్లండులోని ఎడింబరోలో 1727లో జన్మించారు. వైద్యం చదివి, సిరియాలోని అలెప్పో పట్టణంలో చాలాకాలం పనిచేశారు. 1760లో అక్కడ ప్లేగు చెలరేగినపుడు రెండేళ్లకు పైగా రోగులను చూసుకున్నారు. 1781లో తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం మీద విశాఖపట్నం వస్తుండగా ఆయనతో కలిసి వచ్చారు. అప్పటికే వయసు యాభై దాటింది. 1785లో కంపెనీ ఆయనను ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించింది.

పాముకాటుకు మందులని చెలామణి అయ్యేవాటిని రస్సెల్ ఊరికే నమ్మలేదు. కోళ్లకు, కుక్కలకు విషం ఎక్కించి పరీక్షించి చూశారు. ఆయన పాముల గ్రంథం 1796లో వెలువడింది. అందులో రక్తపింజరకు కాటుక రేకుల పొడ అనే తెలుగు పేరే ఉంది. మరుసటి సంవత్సరమే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జార్జి షా దానికి రస్సెల్ పేరు పెట్టారు. తెలుగు పేరు మరుగున పడింది.

చేపల విషయంలో జరిగింది వేరు. విశాఖలో సేకరించిన 200 చేపలకు రస్సెల్ దేశీయ చిత్రకారుని చేత బొమ్మలు వేయించారు. లాటిన్ పేర్ల జోలికి అంతగా పోక, జాలరులు చెప్పిన పేర్లనే శీర్షికలుగా పెట్టారు. నల్ల కచ్చిలి, తెల్ల కచ్చిలి అని వేర్వేరుగా చెప్పగలిగింది వలవేసేవారే. దొర రాసుకున్నాడు, అంతే. 1789లో స్వదేశం వెళ్లిన ఆయన, 1803లో లండనులో రెండు సంపుటాలుగా దీనిని ప్రచురించారు. 1805లో మరణించారు.

విశాఖ ముఖం చూడని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే ఆ బొమ్మను ఆధారం చేసుకొని 1816లో కానగుర్త చేపకు శాస్త్రీయ నామం పెట్టారు. తెలుగు మాటను మాత్రం మార్చలేదు. నేటికీ ప్రపంచమంతటా అది రాస్ట్రెల్లిజర్ కనగుర్తయే. జెల్లో అనే మరో చేప పేరు కూడా ఇలాగే నిలిచింది. అయితే ఆ పేర్లు చెప్పిన జాలరుల పేర్లు గాని, బొమ్మలు వేసిన చిత్రకారుని పేరు గాని లోకంలో ప్రచారం కాలేదు. ఇది విచారకరం.

మన పొలాల పంటకు అడంగల్ ఉన్నట్లే, సముద్రంలో ఏ చేప ఉన్నదీ ఏది తగ్గినదీ తెలియాలంటే పాత లెక్క కావాలి. 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఆ పని చేస్తున్నది. దీనికి విశాఖపట్నంలోనూ కేంద్రం ఉంది. సిబ్బంది రేవులకు వెళ్లి, పడవలు తెచ్చిన చేపలను జాతులవారీగా లెక్కగట్టి రాసుకుంటారు. ఆ పట్టీల్లో కానగుర్త తెలుగు పేరుతోనే ఎక్కుతున్నది.