నేతాజీ మీద ఓడిన బందరు డాక్టరు

సుభాష్ చంద్రబోస్ మీద పోటీ చేసి ఓడిపోయిన మనిషి. భోగరాజు పట్టాభి సీతారామయ్య గురించి చాలామందికి తెలిసింది ఇంతే. ఆ పోటీలో పెద్దలు మొదట నిలబెట్టాలనుకున్నది ఆయన్ని కాదు, మౌలానా అబుల్ కలాం ఆజాద్‌ని. ఈ సంగతి మన ఇళ్లలో కూడా తక్కువమందికే తెలుసు.

పట్టాభి 1880 నవంబర్ 24న గుండుగొలనులో పుట్టారు. ఇప్పుడా ఊరు ఏలూరు జిల్లాలో ఉంది. మద్రాసులో డాక్టరు చదువు చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టారు. చేతి నిండా రోగులున్న రోజుల్లోనే ఆ పని వదిలేసి దేశం పనిలో దిగారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి 1910లో బందరులో జాతీయ కళాశాల పెట్టారు.

బ్యాంకు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. కృష్ణా కాలువల నీళ్లతో డెల్టాలో వరి బాగానే పండేది. కానీ పెట్టుబడికి రైతు షావుకారు గుమ్మం ఎక్కాల్సిందే, అడిగినంత వడ్డీ కట్టాల్సిందే. పట్టాభి 1923 నవంబర్‌లో బందరులో ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టారు. అప్పుడు చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. తర్వాత ఇన్సూరెన్సు కంపెనీలు కూడా పెట్టారు. జైలుకి వెళ్లొచ్చే మనిషి బ్యాంకు నడపడమేమిటని ఇప్పుడు వింతగా అనిపించవచ్చు. ఆ రోజుల్లో స్వదేశీ అంటే ఖద్దరు ఒక్కటే కాదు, మన డబ్బు మన చేతిలో ఉండటం కూడా.

1935లో కాంగ్రెస్ చరిత్రను ఇంగ్లీషులో రాసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆ తర్వాత నాలుగేళ్లకే అధ్యక్ష ఎన్నిక వచ్చింది.

1938లో అధ్యక్షుడైన బోస్ రెండోసారీ నిలబడతానన్నారు. బ్రిటిష్ వాళ్ల ఫెడరేషన్ పథకం విషయంలో పాత నాయకులు రాజీపడతారేమోనని ఆయన అనుమానం. ఆ నాయకులకు ఈ మాట కోపం తెప్పించింది. ప్రతిపాదనలో మూడు పేర్లున్నాయి: బోస్, మౌలానా ఆజాద్, పట్టాభి. మౌలానా తన పేరు వెనక్కి తీసుకుని పట్టాభిని బలపరిచారు. గాంధీజీ పట్టాభిని తప్పుకోవద్దన్నారు. పటేల్, రాజేంద్రప్రసాద్ లాంటి వాళ్లు ఆయనకే ఓటెయ్యమని ప్రకటన ఇచ్చారు.

1939 జనవరి 29న ఓట్లు పడ్డాయి. బోస్‌కి 1580 వచ్చాయి. పట్టాభి 200కు పైగా ఓట్ల తేడాతో ఓడారు. ఆంధ్ర ప్రతినిధుల్లో ఎక్కువమంది మాత్రం పట్టాభి వైపే నిలిచారు. పట్టాభిని నిలబెట్టింది తానే కాబట్టి ఇది ఆయన ఓటమి కన్నా తన ఓటమేనని గాంధీజీ చెప్పారు. ఆ మాటతో గెలిచినాయనకే చిక్కు మొదలైంది.

ఫిబ్రవరిలో కార్యవర్గ సభ్యులు చాలామంది రాజీనామా చేశారు. మార్చిలో జబల్పూర్ దగ్గర త్రిపురి మహాసభకి బోస్ జ్వరంతో స్ట్రెచర్ మీద వచ్చారు. కొత్త కార్యవర్గాన్ని గాంధీజీ ఇష్టప్రకారమే వెయ్యాలని అక్కడ తీర్మానం పాసైంది. గాంధీజీయేమో పేర్లు ఇవ్వను, మీకు నచ్చినవాళ్లని మీరే పెట్టుకోండి అన్నారు. తీర్మానం దాటి సొంతంగా వెయ్యలేరు, ఇవ్వాల్సినాయన పేర్లు ఇవ్వరు. ఉత్తరాలు అటూ ఇటూ నడిచాయి గానీ ముడి వీడలేదు. అధ్యక్షుడున్నాడు, కార్యవర్గం లేదు. చివరికి ఏప్రిల్ 29న కలకత్తాలో బోస్ రాజీనామా చేశారు. ఆయన స్థానంలో వచ్చింది పట్టాభి కాదు, రాజేంద్రప్రసాద్. గెలిచినవాడికి పదవి నిలవలేదు, ఓడినవాడికి రాలేదు. పట్టాభికి మిగిలింది నేతాజీకి ఎదురు నిలిచాడన్న పేరు. ఇందులో ఆయన సొంత ఎత్తుగడ ఎంత, పెద్దల మాట ఎంత అని అడిగేవాళ్లు తక్కువ.

1940లో మౌలానా అధ్యక్షుడయ్యారు, 1946 దాకా ఉన్నారు. 1942 ఆగస్టు 9న కార్యవర్గాన్ని పట్టుకెళ్లి అహ్మద్‌నగర్ కోటలో పెట్టినప్పుడు, పోటీ నుంచి తప్పుకున్న మౌలానా, నిలబడి ఓడిన పట్టాభి ఒకే చోట ఖైదీలు. మౌలానా అక్కడ కూర్చుని రాసిన ఉత్తరాలే తర్వాత గుబారె ఖాతిర్ పుస్తకమయ్యాయి. 1943లో ఆయన భార్య జులేఖా బేగం కలకత్తాలో చనిపోయారు. ఆఖరి చూపు కూడా దక్కలేదు. పట్టాభి కూడా ఆ జైలు రోజుల్ని డైరీగా రాసి, తర్వాత ఫెదర్స్ అండ్ స్టోన్స్ పేరుతో అచ్చువేశారు.

1948లో పట్టాభి మళ్లీ అధ్యక్ష పోటీలో దిగారు. ఈసారి పురుషోత్తమదాస్ టాండన్ మీద కొద్ది తేడాతో గెలిచారు. నెహ్రూ, పటేల్‌తో కలిసి భాషా రాష్ట్రాల మీద జేవీపీ కమిటీలో కూర్చున్నారు. మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రమన్న ఆ నివేదిక మీద ఆయన సంతకం కూడా ఉండటం తెలుగువాళ్లలో చాలామందికి మింగుడు పడలేదు.

తర్వాత మధ్యప్రదేశ్ గవర్నర్‌గా పనిచేసి, 1959 డిసెంబర్ 17న హైదరాబాద్‌లో కన్నుమూశారు. మౌలానా అంతకు ముందు ఏడాదే వెళ్లిపోయారు. బందరులో లక్ష రూపాయలతో మొదలైన బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది.