ఊరి భూమి ఊరిదే: ఎబెనీజర్ హోవర్డ్

పిల్లలూ, ఊరు పెరిగేకొద్దీ ఇంటద్దె ఎందుకు పెరుగుతుందో ఎప్పుడైనా అమ్మానాన్నల్ని అడిగారా? ఆ ప్రశ్న పట్టుకుని బతుకంతా తిరిగిన ఒకాయన ఉన్నారు. ఇంజినీరు కాదు, షార్ట్‌హ్యాండ్ గుమాస్తా.

ఎబెనీజర్ హోవర్డ్ 1850లో లండన్‌లో ఒక దుకాణదారుడి ఇంట పుట్టారు. పదిహేనేళ్లకే బడి మానేశారు. 1871లో అమెరికా వెళ్లి నెబ్రాస్కాలో సేద్యం చేశారు, కలిసిరాలేదు. 1876లో తిరిగొచ్చి పార్లమెంటు ప్రసంగాలు రాసుకునే పనిలో కుదిరారు. పల్లెలు ఖాళీ అవుతున్నాయి, లండన్ ఇరుకు గదులు నిండిపోతున్నాయి. అది చూసి ఊరుకోలేక 1898లో ఒక పుస్తకం రాశారు.

ఆయన లెక్క ఇదీ: 6,000 ఎకరాలు కొనాలి. వెయ్యి ఎకరాల్లో ఇళ్లు, కార్ఖానాలు, తోటలు, చుట్టూ పొలాలు. జనం 32 వేలు దాటకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, భూమి ఊరందరి ఉమ్మడి. విలువ పెరిగితే ఆ లాభం దళారికి కాదు, ఊరి అవసరాలకే పోవాలి.

1903లో లెచ్‌వర్త్ పట్టణం మొదలైంది. 1905లో అక్కడ 150 పౌండ్లలో కట్టగల ఇళ్ల ప్రదర్శన పెట్టారు. అయినా నిరుపేద కూలీలకు అద్దె భారమే అయింది. హోవర్డ్ మాత్రం ఆగలేదు. డెబ్బై ఏళ్ల వయసులో వెల్విన్ అనే రెండో పట్టణానికి పూనుకున్నారు. 1928లో అక్కడే కన్నుమూశారు.

ఈసారి కొత్త లేఅవుట్ బోర్డు కనబడితే రెండు ప్రశ్నలు అడగండి: ఇందులో చెట్లకి చోటెంత? ఈ ఇళ్లు కట్టే మేస్త్రీ ఇక్కడ కాపురముండగలడా?