గాజుగ్లాసు చేతికిచ్చిన డాక్టరమ్మ
మా వాడు నడక నేర్వగానే నేను చేసిన మొదటి పని గాజుసామానంతా అటకెక్కించడం. మరియా మాంటిస్సోరి జీవితం చదివాక కాస్త సిగ్గేసింది.

1870లో ఇటలీలో పుట్టిన ఈవిడ 1896లో రోమ్‌లో డాక్టరయ్యారు. ఆడపిల్ల వైద్యం చదవడమే వింత, ఆ రోజుల్లో. అక్కడి శాన్ లొరెంజో పేదవాడలో అమ్మానాన్నలు పనికెళితే పసివాళ్లు మెట్లమీదా వసారాల్లో ఒంటరిగా తిరిగేవారు. గోడలు పాడుచేస్తున్నారని భవనాలవాళ్లు ఈవిడను పిలిచారు. పిల్లలమీద బెంగతో కాదండోయ్, గోడలమీద బెంగతో! అలా 1907 జనవరి 6న 'పిల్లల ఇల్లు' మొదలైంది.

కుర్చీలు, బల్లలు, అలమరాలు అన్నీ పిల్లలకు అందేంత ఎత్తులోనే. పింగాణీ పళ్లేలు, గాజుగ్లాసులు నిజమైనవే ఇచ్చేవారు. పడితే పగులుతుందని తెలిస్తేనే కదా, రెండు చేతులా పట్టుకునేది! నేనూ మా వాడికి చిన్న గాజుగ్లాసు ఇచ్చా, పక్కనే కూర్చుని. ఫినాయిలు, మందులు మాత్రం తాళంలోనే.

మనసు కలచివేసింది మరొకటి. 1898లో ఆవిడకు మారియో పుట్టాడు. పెళ్లి కాలేదు. పసిగుడ్డును పల్లెలో ఓ కుటుంబానికి అప్పగించి, అప్పుడప్పుడూ వెళ్లి చూసొచ్చేవారు. మీసాలొచ్చే వయసుకి గానీ తల్లిని చేరలేదు. చేరాకా, చాలాకాలం కొడుకని నలుగురిలో చెప్పుకోలేదావిడ.

1939లో ఇద్దరూ మద్రాసు అడయారుకి వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. మరుసటేడు ఇటలీ యుద్ధంలోకి దిగడంతో మారియోను నిర్బంధించారు. ఆవిడ 70వ పుట్టినరోజు కానుకగా, కొడుకును తిరిగి తల్లికి పంపింది బ్రిటిష్ సర్కారు. 1952లో హాలెండ్‌లో ఆవిడ కన్నుమూసేదాకా మారియో వెంటే ఉన్నారు.