ఎర్రని స్ఫటికం - వంకరపోయిన వేళ్ళు

ఒకానొక తీవ్ర రక్తహీనతకు 1926 వరకు మందు లేదు. సోకినవారు పాలిపోయి, నీరసించి మరణించేవారు. కాలేయాన్ని తినిపిస్తే రోగి కోలుకొంటాడని ఆ యేట అమెరికా వైద్యులు వెల్లడించారు. కాలేయంలోని ఆ సంజీవని ఎర్రని చిన్న స్ఫటికాలుగా చేతికి వచ్చేసరికి 1948 అయింది. అదే బి12 విటమిన్. దాని అణునిర్మాణం మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. ఆ ముడి విప్పిన విదుషీమణి డొరొతీ హాడ్జ్‌కిన్.

ఆమె 1910 మే 12న కైరోలో ఆంగ్ల దంపతులకు జన్మించారు. స్ఫటికాలపై మక్కువ బాల్యంలోనే కలిగింది. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన ఆరంభించిన తొలినాళ్ళలోనే, 24వ యేట, కీళ్ళవాతం సోకింది. వేళ్ళు వాచి, క్రమంగా వంకరపోయాయి. సూదిమొనంత స్ఫటికాలను ఆ చేతులతోనే అమర్చేవారు. 1945 నాటికి పెన్సిలిన్ నిర్మాణాన్ని తేల్చారు.

బి12 అంతకంటె జటిలం. అణువులో 181 పరమాణువులు. నడుమ ఒక్క కోబాల్టు. స్ఫటికం గుండా ఎక్స్‌-కిరణాలు పంపితే ఫిలిం మీద చుక్కలు పడతాయి. వాటి గాఢతను కొలిచి, లెక్కకట్టి, ఏ పరమాణువు ఎక్కడున్నదో ఊహించాలి. కోబాల్టు దారిదీపమైంది. లెక్కలు లాస్ ఏంజెలిస్‌లోని కంప్యూటరుపై సాగాయి; ఉత్తరాలు సముద్రం దాటి తిరిగాయి. ఎనిమిదేళ్ళకు, 1956లో, పూర్తి రూపం వెలువడింది. కోబాల్టు చుట్టూ ఉన్న వలయం రసాయనశాస్త్రం అంతకుముందు ఎరుగనిది.

ఇంతటి అణువును మొక్కలు గాని, జంతువులు గాని తయారు చేయలేవు. సూక్ష్మజీవులే సుమారు 30 ఎంజైములతో అంచెలంచెలుగా దీనిని నిర్మిస్తాయి. మేత మేసిన ఆవు పొట్టలోనూ జరిగే పని ఇదే. శాకాహారికి పాలు, పెరుగుల ద్వారా అందేది అదే. ఆ ఎంజైములలో పలువాటి నిర్మాణాలను అనంతర శాస్త్రజ్ఞులు ఇదే ఎక్స్‌-కిరణ పద్ధతిలో చూడగలిగారు.

1964లో ఆమెకు రసాయనశాస్త్ర నోబెల్ లభించింది. ఒక బ్రిటిష్ పత్రిక ఆమెను గృహిణిగా పేర్కొని వార్త వేసింది. ముగ్గురు బిడ్డల తల్లియే గాని, ఆ ఒక్క మాటలో ఇమిడే మనిషి కారు. ఇన్సులిన్‌తో 35 ఏళ్ళు పెనుగులాడి 1969లో సాధించారు. ఆ బృందంలో పనిచేసిన ఎం. విజయన్ తరువాత బెంగళూరు చేరి, భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రోటీన్ స్ఫటికాల అధ్యయనాన్ని పెంపొందించారు.

1993లో, వద్దన్నా వినక, చక్రాల కుర్చీలోనే బీజింగ్ వెళ్ళి స్ఫటికశాస్త్ర మహాసభలో పాల్గొన్నారు. మరుసటి యేడు జూలై 29న కన్నుమూశారు.