జో లూయిస్ - అతని వస్తాదు

విజేత మెడలో హారము వేయువేళ లోకము వానినే చూచును గాని వాని వెనుక నిలిచిన వస్తాదును చూడదు. మన తాలింఖానాలలో శిష్యుడు బరిలో దిగుటకు ముందు గురువునకు మ్రొక్కుట ఆచారము. ఆ మ్రొక్కునకు గల అర్థమును తెలియగోరువారు అమెరికా ముష్టియోధుడు జో లూయిస్ జీవితమును పరికింపవలెను. అతడు బిరుదమును గెలిచినవాడు మాత్రమే కాడు. మర్యాద చెడిన ఒక క్రీడాశాఖను తిరిగి నిలువబెట్టినవాడు. అందు సగము భాగము ఒక ముదుసలి శిక్షకునిదని మా అభిప్రాయము.

ముష్టియుద్ధమున యోధులను తూకమునుబట్టి తరగతులుగా విభజింతురు. హెవీవెయిట్ అనబడు భారీ తూకపు తరగతి తక్కినవానికి శిరస్సు వంటిది. 1927లో చికాగో నగరమున డెంప్సీ, టన్నీల పోరును చూచుటకు ప్రజలు 26 లక్షల డాలరులకు పైగా చెల్లించిరి. మరుసటి యేట టన్నీ విరమించుకొనగా ఆ తరగతికి దుర్దశ ప్రాప్తించెను. 1930లో జర్మనుడైన ష్మెలింగ్, ప్రత్యర్థి నడుము క్రింద కొట్టిన దోషముచేత, నేలపై కూర్చుండియే బిరుదమును పొందెను. పిమ్మట అయిదేండ్లలో అది నలుగురి చేతులు మారెను. వారిలో నొకడగు ఇటలీ మహాకాయుడు కార్నెరా గెలుపులలో పెక్కు ముందుగా కుదుర్చుకొన్నవని జనులు బాహాటముగా చెప్పుకొనిరి. నమ్మకము పోయినచోట ప్రేక్షకులు నిలుతురా?

ఇట్టి తరుణమున లూయిస్ తలయెత్తెను. అతడు 1914 మే 13వ తేదీన అలబామా రాష్ట్రమున లాఫయెట్ చెంత, పాలికి ప్రత్తి పండించు నల్లజాతి కుటుంబమున జన్మించెను. పూర్వులు బానిసలు. తండ్రి మతి చలించి వైద్యశాల పాలయ్యెను. 1926లో కుటుంబము డెట్రాయిట్ నగరమునకు వలసపోయెను. వయొలిన్ నేర్చుకొమ్మని తల్లి యిచ్చిన డబ్బును బాలుడు వ్యాయామశాలకు చెల్లించెను. ఫోర్డు మోటారు కార్ఖానాలో పనిచేయుచు పోరు నేర్చెను. 1934లో ఔత్సాహికుల జాతీయ బిరుదమును గెలువగా, రాక్స్‌బరో, బ్లాక్ అను నల్లజాతి వ్యవహర్తలిరువురు అతనిని చికాగోకు గొనిపోయి జాక్ బ్లాక్‌బర్న్ చేతిలో పెట్టిరి.

బ్లాక్‌బర్న్ సాధుపురుషుడు కాడు. 1909లో నరహత్యకు శిక్షపడి నాలుగేండ్లకు పైగా చెరసాలలో గడిపినవాడు. ఆ దోషమును మేము కప్పిపుచ్చము. కాని తన కాలమున తేలిక తూకపువాడయ్యు తనకంటె మిక్కిలి బరువైనవారితో తలపడి నిలిచిన విద్వాంసుడు. శిష్యుని స్వీకరించుటకు అతడు మొదట సంశయించెను. 1908 మొదలు 1915 వరకు బిరుదము వహించిన జాక్ జాన్సన్ పిమ్మట, తెల్లవారు మరియొక నల్లవానికి ఆ బిరుదమునకై పోరు అవకాశమునే ఈయలేదు. ద్వారము మూయబడిన యింటికి దారి చూపుట యెట్లు?

అయినను పూనుకొనెను. లూయిస్ పిడికిట బలముండెను. పాదములందు నిలుకడ లేదు. గురువు ముందుగా కాళ్లను దిద్దెను. దేహభారమును తులదూగునట్లు నిలుపుట, యెడమచేతితో దారి చేసికొనుట, దూరమునుండి విసరక దగ్గరనుండి పొట్టి దెబ్బలను వరుసగా వేయుట నేర్పెను. తెల్లని న్యాయనిర్ణేతల తీర్పును నమ్ముకొనరాదనియు, ప్రత్యర్థిని నేలగూల్చుటయే నిజమైన తీర్పనియు బోధించెను. పడినవానిపై నిలిచి నవ్వరాదు, ప్రగల్భములు పలుకరాదు అని వ్యవహర్తలు కట్టడి చేసిరి. తెల్ల యోధులనెవ్వరును ఇట్టి పరీక్షకు గురిచేయలేదని మనము మరువరాదు.

1934 జులై 4న లూయిస్ వృత్తియోధుడుగా తొలిపోరు గెలిచెను. 1935 జూనులో కార్నెరాను ఆరవ రౌండున, సెప్టెంబరులో మాక్స్ బేర్‌ను నాలుగవ రౌండున కూల్చెను. బేర్‌తోడి పోరునకు సుమారు 10 లక్షల డాలరులు వచ్చెను. జనులు మరలివచ్చిరి.

విజయము వెంట అలసత్వము వచ్చును. సాధనను సడలించిన లూయిస్ 1936 జూన్ 19న ష్మెలింగ్ చేతిలో పండ్రెండవ రౌండున పడిపోయెను. యెడమచేతితో కొట్టిన పిమ్మట అతడు ఆ చేయి క్రిందికి జార్చుటను జర్మనుడు కనిపెట్టి, అచ్చటనే కొట్టెను. గురువు ఆవశ్యకత గెలుపునాడు కాదు, ఇట్టినాడు తెలియును. బ్లాక్‌బర్న్ శిష్యుని విడువక దోషమును దిద్దెను. 1937 జూన్ 22న చికాగోలో బ్రాడక్‌ను ఎనిమిదవ రౌండున ఓడించి లూయిస్ ఇరువదిమూడవ యేట బిరుదము పొందెను. సరిగా సంవత్సరమునకు, 1938 జూన్ 22న, న్యూయార్కు యాంకీ క్రీడారంగమున 70 వేల జనము యెదుట, నాజీలు తమ జాత్యాధిక్యమునకు సాక్షిగా చాటుకొనిన ష్మెలింగ్‌ను 2 నిమిషముల 4 సెకనులలో అణగద్రొక్కెను. ష్మెలింగ్ స్వయముగా నాజీపక్షమున చేరినవాడు కాడని చెప్పుట న్యాయము.

లూయిస్ 1949 వరకు బిరుదమును వహించి 25 పర్యాయములు కాపాడుకొనెను. 1942లో నౌకాదళ, సైనిక సహాయనిధులకు రెండు పోరుల రాబడిని ధారవోసెను. ఆ నౌకాదళము నల్లవారిని భోజనశాల పరిచర్యకే పరిమితము చేసియుండెను. ఆ యేటనే సైన్యమున చేరెను. ఆ యేప్రిలులోనే బ్లాక్‌బర్న్ మరణించెను. తదుపరి ప్రభుత్వము పన్ను బాకీలకై లూయిస్‌ను వేధించెను. ఋణభారముచేత మరల బరిలో దిగి 1951లో మార్సియానో చేతిలో ఓడెను. ముఖమును కాచుకొనుట నేర్పిన గురువు దొరకెను గాని, ధనమును కాచుకొనుట నేర్పువాడు దొరకలేదు. 1981 ఏప్రిల్ 12న గతించిన అతనిని ఆర్లింగ్టన్ వీరుల శ్మశానమున ఖననము చేసిరి.

క్షీణించిన క్రీడను ఉద్ధరింపగోరువారు గొప్ప రంగస్థలములు కట్టుదురు, పెద్ద బహుమతులు ప్రకటింతురు. అవి అనావశ్యకములని మేము చెప్పము. కాని పిడికిట బలముగల బాలురు ప్రతి గ్రామమునను పుట్టుచున్నారు. వారి పాదములను దిద్దువాడే అరుదు. విజేతకు పట్టుశాలువ కప్పు దాతలు వస్తాదు యింట పొయ్యి వెలుగుచున్నదా యని తొలుత విచారింపవలెను. అంతకు మించిన క్రీడాపోషణ మరియొకటి లేదు.